ఖరాబు కాని అక్షరాల కోసం ఖానాపూర్ దాకా

కరీంనగర్‌లో కూర్చుని ఆదిలాబాద్‌కు నేను ఇరవై ఏళ్లు సర్క్యులర్లు పంపాను. మనిషిగా మాత్రం మొన్న సీతాఫలాల కాలంలోనే మొదటిసారి వెళ్లాను. నాలుగు రోజులు తిరిగి వచ్చాను. వెళ్లనివాళ్ల కోసం ఆ దారి ముచ్చట్లు రాద్దామని కూర్చుంటే, ఎందుకు వెళ్లానో చెప్పకుండా దారి గురించి మాత్రం రాయడం ఇంకో అబద్ధమవుతుందనిపించింది. అందుకని ముందు అది చెప్తాను.

నేను ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ల విభాగం చూసేవాడిని. మూడేళ్ల కింద మావాళ్లు ఏటా డబ్బు కట్టి వాడే సాఫ్ట్‌వేర్‌ను వదిలేసి ఓపెన్ సోర్స్‌కు మారాలని తీర్మానించారు. ఓపెన్ సోర్స్ అంటే, తయారు చేసినవాళ్లు లోపలి రాత అంతా నలుగురి ముందు పెట్టేస్తారు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాళ్లకు పంచిపెట్టవచ్చు. ఆ నిర్ణయం మంచిదని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. దాన్ని నేను అమలు చేసిన తీరు వేరే సంగతి. ఫలానా శనివారం అన్ని కళాశాలల్లో యంత్రాలు తుడిచేసి కొత్తది ఎక్కించాలని, అంతకు ముందే ఫైళ్లన్నీ మాకు పంపాలని సర్క్యులర్ ఇచ్చాను.

ఆదిలాబాద్‌లోని ఒక కళాశాలలో ఎస్తేరు అనే కాంట్రాక్టు ఆపరేటర్ ఉండేది. తెలుగు విభాగం పిల్లలు ఊళ్లు తిరిగి ముసలివాళ్ల దగ్గర సేకరించుకొచ్చిన మాటలను ఆమె తొమ్మిదేళ్లు టైపు చేసింది. ఏ మాట, దాని అర్థం, ఎవరు చెప్పారు, ఏ ఊరు, అన్నీ వరసగా. ఆ ఫైళ్లు నా దగ్గరికి వచ్చాయి. తెరిస్తే తెలుగు లేదు. విరిగిన ఇంగ్లిషు అక్షరాలు, చుక్కలు, కొక్కేలు. పాడైపోయాయి అనుకున్నాను. ఎస్తేరు ఫోన్ చేసింది.

"సార్, గా ఫైళ్లు ఖరాబు కాలే. మీ మిషన్ల మా ఫాంటు లేదు, గంతే. జర నాలుగు దినాలు ఆగుండ్రి."

"నాకు నేర్పకమ్మా. చెప్పింది చెయ్" అన్నాను.

ఫోన్ పెట్టేసి ఆ ఫైళ్లు తీసి పారేశాను. శనివారం అక్కడ యంత్రం కూడా తుడిచేశారు. తర్వాత తెలుగు అధ్యాపకులు ఆ మాటలేవని అడిగితే, సమావేశంలో లేచి "అక్కడి ఆపరేటర్ పాడైన ఫైళ్లు పంపింది" అన్నాను. ఫోన్ సంగతి చెప్పలేదు. ఆ మాటను తీర్మానంలో ఆమె పేరు పక్కన రాయించాను. మరుసటి ఏడు ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు.

ఈ ఎండాకాలం ఒక శిక్షణలో, ఎవరో ఔత్సాహికులు రాసి ఉచితంగా పెట్టిన చిన్న ప్రోగ్రాం చూపించారు. పాత ఫాంట్లలో కొట్టిన తెలుగు కొత్త యంత్రాల్లో పిచ్చి గీతల్లా కనబడుతుంది గదా, దాన్ని ఇది మళ్లీ తెలుగు చేస్తుంది. తెరమీద అవే చుక్కలు, అవే కొక్కేలు. ఒక్క మీట నొక్కగానే చక్కటి తెలుగైపోయాయి. హాలంతా చప్పట్లు. నా చేతులు లేవలేదు.

కళాశాలల్లో కొత్త సాఫ్ట్‌వేర్ ఎలా నడుస్తోందో చూసి వస్తానని ఆఫీసులో చెప్పి, సంచిలో ఒక లాప్‌టాప్, క్షమాపణ చెబుతూ ప్రింటు తీసిన ఒక ఉత్తరం పెట్టుకుని బయల్దేరాను.

నస్పూర్

గోదావరి దాటాక గాలిలోనే బొగ్గు వాసన తెలుస్తుంది. మంచిర్యాలను ఆనుకునే నస్పూర్. బస్సు దిగిన చోట ఒకామె మక్కకంకులు కాలుస్తోంది. ఇరవైకి రెండు. కరీంనగర్‌లో అదే డబ్బుకు ఒకటి ఇస్తారు, నిమ్మచెక్క అడిగితే మొహం చిట్లిస్తారు. ఈమె నిమ్మచెక్కకు ఉప్పూ కారం అద్ది కంకి అంతా తనే రుద్ది ఇచ్చింది.

కళాశాల లాబ్‌లో ముప్పైమంది దాకా ఆడపిల్లలున్నారు. ఎక్కువమంది గని కార్మికుల బిడ్డలు. నా లాబుల్లో పాస్‌వర్డ్ నాకు తప్ప ఎవరికీ తెలియనివ్వను. ఇక్కడ గోడ మీద చాక్‌పీసుతో పెద్దక్షరాల్లో రాసిపెట్టారు. అదేమిటని లాబ్ మేడమ్‌ను అడిగితే, "దాస్తే ఎవ్వలు నేర్సుకుంటరు సార్?" అంది.

పెన్‌డ్రైవ్‌లోకి సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఇస్తుంటే లావణ్య అనే అమ్మాయి లేచింది.

"సార్, గిది ఇంటికి తీస్కపోతె పోలీసులు పట్టుకోరా?"

"పట్టుకోరమ్మా. నీకు ఇచ్చినట్టే నువ్వూ ఎవరికైనా ఇవ్వచ్చు."

"ఎంతమందికి?"

"ఎంతమందికైనా."

"మరి గిదివరకు మా అన్న కంప్యూటర్ల ఏసింది దొంగ మాలేనా సార్?"

అందరూ నవ్వారు. నేను తెలివిగా జవాబు తప్పించి, ప్రింటు ఎలా తీయాలో చూపిస్తానన్నాను. ప్రింటర్ కాగితానికి ఒక వరస చొప్పున కక్కడం మొదలుపెట్టింది. ఎన్ని మీటలు నొక్కినా ఆగదు. నలభై కాగితాలు పోయాక మేడమ్ వెళ్లి వైరు పీకేసింది.

"కరీంనగర్ల గిట్లనే అస్తదా సార్?" అంది లావణ్య, వినయంగానే.

ఆ కాగితాల వెనకవైపు లెక్కలు చేసుకుంటామని పిల్లలు పంచుకున్నారు.

బెల్లంపల్లి

బెల్లంపల్లి వెడల్పాటి వీధుల ఊరు. ఒకప్పుడు షిఫ్టు మారేటప్పుడు ఈ వీధులు పట్టేవి కావట. ఇప్పుడు సైకిలు వెళ్తే చప్పుడు వినబడుతుంది. క్వార్టర్లలో చాలావాటికి తాళాలున్నాయి. కొన్నింటి ముందు మాత్రం కాకర పందిళ్లు పచ్చగా ఉన్నాయి.

కళాశాలలో పని తొందరగా అయిపోయింది. కొత్త సాఫ్ట్‌వేర్ వాళ్లకు నాకంటే బాగా వచ్చు. సాయంత్రం స్టేషన్ దారిలో కొమురయ్య గారి హోటల్లో కూర్చున్నాను. ఆయన గని నుంచి రిటైరై ఈ హోటల్ పెట్టారు. టీ పది రూపాయలు. మిరపకాయ బజ్జీలు ప్లేటు ఇరవై. ఒక్కటి కొరకగానే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నాలుగు మెతుకులు తినే నోరా సార్ మీది? గింత కారానికే గట్లయితె ఎట్ల?" అని చక్కెర డబ్బా ముందుకు తోశారు.

గనిలో ఎన్నేళ్లు చేశారని అడిగాను.

"ముప్పై నాలుగేండ్లు."

"భయం వేయలేదా?"

"భయం లేనోడు గనిల దిగద్దు. పైకప్పును కట్టెతోని కొట్టి ఇంటుంటిమి. గట్టిగ మోగితె ఫికర్ లేదు. బోలుగ మోగిందా, సామాను ఆడ్నే ఇడిసి బయటికి రావాలె."

"మరి బయటికి రమ్మని ఎవరు చెప్తారు? పెద్దవాళ్లా?"

ఆయన నన్ను జాలిగా చూశారు. "ఎవలకు ఇనవడితె వాళ్లు. నిన్నగాక మొన్న చేరిన కూలి చెప్పినా సరే, పెద్ద సారుతో సహా అందరు కదలాలె. 'నువ్వెవడివి నాకు చెప్ప' అనేటోడుంటె వాని ఎంట మేం ఎవ్వలం దిగకపోతుంటిమి."

ఎస్తేరు చేసింది అదే గదా. కప్పు మీద కొట్టి, బోలుగా మోగుతోందని చెప్పింది. నేను వినలేదు. విననివాడికి ఏమీ కాలేదు, చెప్పిన మనిషి మీద కూలింది.

"ఏంది సార్, పరేషానయిండ్రు? టీ సల్లారింది. ఇంకోటి పోస్త" అన్నారు కొమురయ్య. రెండో టీకి డబ్బు తీసుకోలేదు. బజ్జీ తినలేకపోయినందుకు మినహాయింపట.

ఆదిలాబాద్

ఆసిఫాబాద్ దాటాక అడవి దారి. మలుపు మలుపుకూ సీతాఫలాల గంపలు, వాటి పక్కన గొడుగు పట్టుకుని ఒక ఆడమనిషి. బస్సు ఆగిన చోటల్లా కిటికీల్లోంచి బేరాలు సాగాయి. ఆదిలాబాద్‌లో దిగేసరికి చెవిలో సగం తెలుగు, సగం మరాఠీ. భోజనానికి వెళ్లిన చోట జొన్నరొట్టెతో శనగపిండి కూర పెట్టి "పిఠ్ల" అన్నారు. మా ఇంట్లో దీన్ని కూరగా లెక్కే పెట్టరు. మూడు రొట్టెలు తిన్నాను. అరవై రూపాయలు. ఇప్పపూల లడ్డూ ఒకటి కొని నోట్లో వేసుకున్నాను. పొగాకు వాసన, బెల్లం రుచి, అడవి చల్లదనం మూడూ కలిసినట్టుంది.

కళాశాల ప్రిన్సిపాల్ కొత్తవారు. ఎస్తేరు పేరు వినలేదన్నారు. బయట వరండాలో అటెండర్ గంగన్న మాత్రం నా పేరు వినగానే కుర్చీలోంచి లేవలేదు.

"కాయితాల మీద మీ సంతకం మస్తు సార్లు జూసిన సార్. మనిషిని గిప్పుడే జూస్తున్న."

"ఎస్తేరు ఇప్పుడెక్కడుంది?"

"ఎందుకు? ఇంకో కాయితం పంపుతరా?"

నేను వచ్చిన పని చెప్పాను. ఫోన్ సంగతితో సహా. ఇతరుల ముందు దాన్ని నోటితో చెప్పడం అదే మొదలు. గంగన్న అప్పుడు లేచాడు. తర్వాత కుర్చీ నాకు జరిపాడు.

"మీకు ఎరుక లేదు గావచ్చు సార్. ఆమె ఏటా క్రిస్మస్ సెలవులకు ముందు అన్ని సీడీలల్ల ఎక్కిచ్చుకునేది. నింద పడ్డంక గవన్ని తీస్కొని ఈడికి అచ్చింది. కొత్త మిషన్ల ఏసి చూపెట్టింది. మాకు తెలుగచ్చు, మరాఠీ అచ్చు, గోండి గింత సమజైతది. గది ఏ బాసనో ఎవ్వలకు సమజ్ కాలే. 'సూడు, నీ దగ్గర గూడ ఖరాబే' అన్నడు పాత ప్రిన్సిపాల్ సారు. ఆమె ఏడ్వలే. సీడీలు కొంగుల కట్టుకొని పోయింది."

నేను ఉత్తరం ఇచ్చి రావడానికి వచ్చాను. ఆ మాటలు ఇంకా ఎక్కడో ఉండి ఉండవచ్చని నాకు తెలియదు.

"ఖానాపూర్ల జిరాక్స్ దుకాణం పెట్టుకున్నది" అన్నాడు గంగన్న. "బిడ్డ మాత్రం ఈడ్నే చదువుతది. 'ఫైళ్లు ఖరాబు చేసిన ఎస్తేరు బిడ్డ' అంటరు ఆ పిల్లను. జల్ది పోండ్రి."

ఖానాపూర్

పొద్దున్నే ఆదిలాబాద్ బస్టాండులో ఖానాపూర్ బస్సు ఎప్పుడని పక్కనున్న ముసలమ్మను అడిగాను. "అంబటేళ్లకు అస్తది" అంది. మా నాయనమ్మ వాడిన మాటే. ఏ వేళో మాత్రం మరిచిపోయాను. పొద్దుటి మాట గదా అని ఏడింటి నుంచి నిలబడ్డాను. బస్సు పదిన్నరకు వచ్చింది.

"ఇంట్ల అంబలి ఎన్నింటికి తాగుతరు కొడుకా?" అంది ఆమె, నా అవస్థ చూసి.

"మేం అంబలి తాగమవ్వా."

"గందుకే తెల్వలే."

ఖానాపూర్ చిన్న ఊరు. చుట్టూ వరి, మక్క, పత్తి. బజారులో దుబాయ్, మస్కట్ టికెట్ల బోర్డులు. ఎస్తేరు దుకాణం ముందు నలుగురు నిలబడి ఉన్నారు. గోడకు చర్చివాళ్ల కేలండర్, లోపల రెండు కంప్యూటర్లు. ఒకటి కొత్తది, ఒకటి పాతది. ఎస్తేరుకు నలభై దాటి ఉంటాయి. మేం ఒకరి మొహం ఒకరు ఎప్పుడూ చూసుకోలేదు.

"ఎస్తేరు గారంటే..." అన్నానో లేదో, ఆమె చెయ్యి మీటల మీద ఆగిపోయింది.

"కరీంనగర్ సారు గదా" అంది తల ఎత్తకుండానే. "గొంతు గుర్తువట్టిన. లైన్ల నిలబడుండ్రి."

నిలబడ్డాను. నా ముందున్నామె భర్త దుబాయ్‌లో ఉంటాడు. పుట్టిన బిడ్డ ఆధార్ కాగితం అతనికి పంపాలి. ఆ తర్వాత ఒకతనికి పాస్‌పోర్టు దరఖాస్తు. నా వంతు వచ్చేసరికి ముప్పావు గంట పట్టింది. నేను ఉత్తరం తీసి ఇచ్చాను. ఆమె నిలబడే చదివింది. రెండోసారి కూడా చదివింది.

"గిందుల ఫోన్ సంగతి ఏది సార్?"

నిజమే, లేదు. 'సమాచార లోపం వల్ల జరిగిన పొరపాటుకు చింతిస్తున్నాను' అని ఉంది. కరీంనగర్‌లో రాసినప్పుడు నాకది చాలా నిజాయితీగా కనబడింది.

"రాస్తాను" అన్నాను. "ముందు ఆ సీడీలు..."

ఆమె బల్ల కింద నుంచి బిస్కెట్ల డబ్బా తీసింది. తొమ్మిది సీడీలు. ఒక్కొక్క దాని మీద పెన్నుతో రాసిన సంవత్సరం. నా లాప్‌టాప్‌కు సీడీ పెట్టే చోటు లేదు. పాత కంప్యూటర్ను ఎందుకు అమ్మలేదో అప్పుడు తెలిసింది. మొదటి సీడీ తిరిగింది. రెండోది ఎంత ప్రయత్నించినా తెరుచుకోలేదు. "గది పోయినట్టే" అంది, ఆ సంవత్సరాన్ని వేలితో తుడుస్తూ. మిగిలిన ఎనిమిదీ వచ్చాయి. ఆ ఫాంటు మాత్రం తుడిచేసిన కళాశాల యంత్రంతోనే పోయింది. తెరమీద అవే చుక్కలు, అవే కొక్కేలు.

నేను ఆ చిన్న ప్రోగ్రాం ఎక్కించి మీట నొక్కాను.

తెలుగు వచ్చింది. పైనుంచి కిందికి వరసగా, ఆమె కొట్టింది కొట్టినట్టే. మొదటి పేజీలోనే కనబడింది: అంబటేళ్ల. పొద్దు కొంచెం ఎక్కినాక, అంబలి తాగే వేళ. చెప్పినది లింగవ్వ, ఉట్నూరు దగ్గరి పల్లె.

ఎస్తేరు కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

"లింగవ్వ పోయింది సార్, పోయినేడు. 'నా మాట ఏడ రాసినవే, నాకు జూపియ్యవా' అని అడిగేది. ఏం జూపియ్యాలె నేను? గీ గీతలు జూపియ్యాల్నా?"

మళ్లీ ఉద్యోగం ఇప్పించడానికి ప్రయత్నిస్తానన్నాను.

"నౌకరి ఎవ్వలడిగిండ్రు? గా కాయితంల నా పేరు పక్కన రాసింది తీసెయ్యాలె. నా బిడ్డ తలెత్తుకొని గా కాలేజిల నడ్వాలె. గంతే." కొత్త కంప్యూటర్ ముందు కుర్చీ లాగింది. "కూసోండ్రి. గీడ్నే రాయుండ్రి. నేను సూస్త."

కూర్చున్నాను. మీటల మీద చేతులు పెట్టి ఆగిపోయాను.

"ఏమైంది?"

"నాకు తెలుగు టైపు రాదమ్మా."

ఎస్తేరు నన్ను చూసింది. ఆ మధ్యాహ్నం మొదటిసారి నవ్వింది, అదీ పెదవి చివరన. "'కొత్త కీబోర్డు నెల దినాలల్ల అందరు నేర్సుకోవాలె, లేకపోతె చర్య తీసుకుంటం.' గది ఎవలు రాసిన సర్క్యులర్ సార్?"

"నేనే. ఇంగ్లిషులో రాసి ఇచ్చాను. ఎవరో తెలుగు చేశారు."

దుకాణంలో ఉన్న ఇద్దరు కిసుక్కుమన్నారు.

"నేర్పమ్మా" అన్నాను.

నేర్పింది. నా వేలు తప్పు మీట మీదకు పోయినప్పుడల్లా పెన్నుతో వేలి మీద చిన్నగా కొట్టింది. ఒత్తులు ఎలా పడతాయో, సున్నా ఎక్కడుందో చెప్పింది. ఎవరైనా జిరాక్స్‌కు వస్తే లేచి వెళ్లి వచ్చేది. అయిదు వాక్యాలకు గంటన్నర పట్టింది.

'ఎస్తేరు పంపిన ఫైళ్లు పాడవలేదు. పాడవలేదని ఆమె నాకు ఫోన్ చేసి చెప్పింది, ఆగమని అడిగింది. నేను వినలేదు, ఫైళ్లు నేనే తీసేశాను. సమావేశంలో ఫోన్ సంగతి దాచి ఆమె మీద నింద వేశాను. తప్పు నాది.'

రెండు ప్రతులు తీసింది. "పది రూపాయలు" అంది. నేను ఇచ్చాను. "ఊకెనే ఇస్తె మీకు మర్యాద గాదు" అని డబ్బాలో వేసుకుంది. ఒకటి నాకిచ్చి, ఒకటి బిస్కెట్ల డబ్బాలో సీడీల పైన పెట్టింది.

క్షమించానని అనలేదు. నేను అడగలేదు. బస్సు ఎక్కబోతుంటే మాత్రం ఒక సంచిలో సీతాఫలాలు తెచ్చి ఇచ్చింది.

"ఇంక మక్కలే, పచ్చిగున్నయి. రెండు దినాలు బియ్యంల పెట్టుండ్రి. పైన నల్లగైనంక ఖరాబైనయని పారెయ్యకుండ్రి సార్. మీకు అలవాటున్నది."

మళ్లీ కరీంనగర్

వచ్చిన మూడో రోజు సమావేశం. నా వంతు రాగానే లేచి ఉత్తరం చదివాను. పెద్దాయన ఒకరు, "ఎప్పటిదో ముచ్చట. గిప్పుడెందుకు తవ్వుతరు?" అన్నారు. అప్పుడు రాయించింది నేనే కాబట్టి ఇప్పుడు కొట్టేయించాల్సింది కూడా నేనేనని, అది ఇవాళ్టి తీర్మానంలో ఎక్కాలని అన్నాను. చాలాసేపు వాదన జరిగింది. చివరికి ఆమె పేరు పక్కన ఉన్న వాక్యం తీసేయాలని, ఆ సంగతి ఆదిలాబాద్ కళాశాల నోటీసు బోర్డులో పెట్టాలని రాసుకున్నారు. కంప్యూటర్ల విభాగం నుంచి నన్ను తప్పించారు. అది సబబే. ఎనిమిది సంవత్సరాల మాటలు ఇప్పుడు విశ్వవిద్యాలయం సైట్‌లో అందరికీ తెరిచే ఉన్నాయి, ఎవరైనా తీసుకోవచ్చు. అడుగున 'టైపు చేసినది: ఎస్తేరు, ఖానాపూర్' అని ఉంటుంది. ఆ వరస నేనే కొట్టాను. ఇప్పుడు అయిదు నిమిషాల్లో కొడుతున్నాను.

ఆ సమావేశం రోజు సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ బియ్యం డబ్బాలోంచి సీతాఫలాలు తీసి చెత్తబుట్ట దగ్గర నిలబడి ఉంది.

"ఎక్కడ కొన్నరు ఇవి? అన్నీ నల్లగైపోయినయి. ఖరాబైనయి."

"ఆగు" అన్నాను. చేతిలోంచి ఒకటి తీసుకుని విప్పాను. లోపల తెల్లగా ఉంది.